ఆపా ఐస్ పెట్టె



ఉర్దూలో తోషా అని ఒక లఫ్జ్ ఉంది. సఫర్‌లో వెంట తీసుకెళ్లే తిండి. దాన్ని పెట్టుకునే డబ్బా తోషాదాన్. తెలుగులో దారి బత్తెం అంటాం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక పాథేయం అనే మాట కూడా నేర్చుకున్నా. ఈ మూడు మాటల్లో ఎక్కడా చల్లదనం వాసన లేదు. ఎందుకంటే వెనకటి తోషా అంతా ఎండుదే. ఖజూర్, వేయించిన శనగలు, కుల్చా, మామిడికాయ అచార్, బక్రీద్ తర్వాత ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద వేలాడదీసిన సూఖా గోష్. తడి లేకపోతే తిండి చెడదని మన నానీ దాదీలకు ఏ కితాబూ చదవకుండానే తెలుసు.

ఇప్పుడు పిల్లలు టెంటులో పడుకోవాలంటున్నారు. టెంటు దగ్గర కబాబ్ కాల్చుకోవాలంటున్నారు. కబాబ్‌కు ఖీమా కావాలి. ఖీమాకు బర్ఫ్ కావాలి. బర్ఫ్ కరిగితే నీళ్లు. ఆ నీళ్లలో కుల్చా నానుతుంది, కొత్తిమీర కుళ్లుతుంది, చికెన్ సంచి కారుతుంది. చల్లగా ఉంచడం ఒక పని, పొడిగా ఉంచడం ఇంకో పని. రెండూ ఒకే పెట్టెలో ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. ఈ కొట్లాటకు ఫైసలా చెప్పిన మనిషి మా ఆపా. ఆమె సంగతి చెప్దామనే ఈ రాత.

పోయిన దసరా సెలవుల్లో అనంతగిరి గుట్టలకు పోదామని పిల్లలు పట్టుబట్టారు. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్లు. వికారాబాద్ దాటి కాస్త పైకి ఎక్కితే అడవి. మన మూసీ పుట్టేది అక్కడే. రెండు రాత్రులు, మూడు పగళ్లు, మా ఇల్లూ ఆపా ఇల్లూ కలిపి 11 మందిమి. అందరం సరే అన్నాం, అమ్మీ ఒక్కతే "ముజే నక్కో బేటా, తుమ్ జావ్" అంది.

అమ్మీకి 71 ఏళ్లు. అబ్బా ఇంతెకాల్ అయిన మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆమె ఇల్లు వదిలి ఎక్కడా పడుకోలేదు. షాదీలకు కూడా వలీమా తిని, రాత్రికి రాత్రే ఇంటికి వచ్చేస్తుంది. ఎవరు అడిగినా ఒకటే ఉజ్ర్: "నా ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి." ఇది బహానానా, నిజమా అని నేను చాలాసార్లు అనుకున్నా. సగం బహానా, సగం నిజం. అబ్బా కుర్చీ ఉన్న ఇల్లు వదలడం ఆమెకు ఇష్టం లేదు. కానీ ఆ మాట బయటికి అనలేక ఫ్రిజ్ మీద పెడుతుంది. పిల్లల ముందు ఫ్రిజ్ గురించి చెప్పడం తేలిక.

ఆపా ఏఎన్ఎం. ఇరవై ఏళ్లకు పైగా పల్లెల్లో టీకాలు వేస్తోంది. బుధవారం, శనివారం పొద్దున్నే భుజానికి నీలం పెట్టె తగిలించుకుని బయల్దేరుతుంది. మీరూ చూసే ఉంటారు, పోలియో చుక్కల ఆదివారం నాడు మొహల్లాలో తిరిగే పెట్టె అది. వాక్సిన్ కారియర్ అంటారు. దాంట్లో నాలుగు ఐస్‌ప్యాకులు నాలుగు గోడలకు నిలబెడతారు, మధ్యలో మందు సీసాలు. మేం ఐస్ పెట్టె అంటే కూల్‌డ్రింకులు గుర్తు తెచ్చుకుంటాం. ఆపాకు పసిబిడ్డలు గుర్తొస్తారు. అందుకే ఆమెకు ఈ విషయంలో మజాక్ నచ్చదు.

ఆ రోజు అమ్మీ పక్కన కూర్చుని ఆపా చెప్పిన మాటలు నాకు తెలియనివే. పేరుకు విలేకరిని, పల్స్ పోలియో మీద ఎన్నో వార్తలు రాశాను, కానీ ఆ పెట్టె మూత లోపలికి తొంగి చూడలేదు. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టరట. బల్ల మీద ఉంచుతారు. దానికి చెమట పట్టాలి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడే పెట్టెలోకి. ఎందుకంటే ఫ్రీజర్ చలి సున్నాకు చాలా కింద ఉంటుంది. ఆ చలి తగిలితే కొన్ని టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ఎండకు చెడిపోయేవి కొన్ని, చలికి చెడిపోయేవి కొన్ని. మనం ఎండనే దుష్మన్ అనుకుంటాం.

ఇన్సులిన్‌దీ అదే తబియత్. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందంటే కరిగించి వాడకూడదు, పారేయాలి. వాడుతున్న సీసాకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. మామూలు గది వేడిలో, ఎండ తగలకుండా ఉంటే సాధారణంగా నాలుగు వారాలు పనిచేస్తుంది. (మీ మందు చీటీ మీద ఏముందో చూసుకోండి, డాక్టర్‌ను అడగండి. బ్రాండును బట్టి తేడా ఉంటుంది.) "రెండు రాత్రులకు నీకు ఫ్రిజ్ ఎందుకమ్మీ?" అంది ఆపా. అమ్మీ ఊరుకుంటుందా? "టెంటులో మధ్యాహ్నం ఉడికిపోతుంది. అది గది వేడా?" అంది. సహీ బాత్. మధ్యాహ్నం టెంటు లోపల తందూరే.

ఆపా ఇంకేం మాట్లాడకుండా లేచి వెళ్లి రెండు మట్టి కుండలు తెచ్చింది. పెద్దదాంట్లో చిన్నది. మధ్యలో ఇసుక. ఇసుకను నీళ్లతో తడిపింది. చిన్న కుండలో మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా, డబ్బాలో దూది, దూది మీద వాడుతున్న సీసా. పైన తడి గుడ్డ. సురాహీలో నీళ్లు చల్లబడే తరీఖానే ఇది. తడి ఆరుతూ ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. బర్ఫ్ లేదు, కరెంటు లేదు, గడ్డకట్టే డర్ అసలే లేదు. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, కానీ టెంటు కంటే ఎంతో నయం. ఎహతియాత్‌గా తెరవని సీసా ఒకటి ఐస్ పెట్టెలో పెడతానంది, బర్ఫ్‌కు తగలకుండా, రెండు తువ్వాళ్లు చుట్టి. సీసాను ముందు జిప్ సంచిలో పెట్టింది. "తడిస్తే లేబుల్ ఊడిపోతుంది. లేబుల్ లేని మందు మందు కాదు" అంది. టీకా సీసాలకు కూడా అంతేనట. చల్లగా ఉంటే చాలదు, పొడిగా ఉండాలి, పేరు కనబడాలి.

అమ్మీ ఆ కుండలో చెయ్యి పెట్టి చూసింది. రాత్రి మళ్లీ ఒకసారి లేచి పెట్టి చూసింది. తెల్లారి ఫజర్ తర్వాత "నా దుప్పటి కూడా పెట్టండి" అంది.

ఇక అసలు పెట్టె.

దుల్హాభాయికి కొత్త సామాను కొనడమంటే షౌఖ్. 50 లీటర్ల ఐస్ పెట్టె కొనుక్కొచ్చాడు. గోడలు మందం, మూతకు రబ్బరు అంచు, కింద నీళ్లు పోయే రంధ్రం. అయిదు రోజులు బర్ఫ్ నిలుస్తుందని డబ్బా మీద రాసుంది. ఆపా ఆ రాతను చదివి పక్కన పెట్టింది. పెట్టె చలిని పుట్టించదు. మనం ఇచ్చిన చలిని అమానత్‌లా దాచిపెడుతుంది, అంతే. వేడి పెట్టెకు బర్ఫ్ ఇస్తే ఆ బర్ఫ్ ముందు పెట్టె గోడలను చల్లబరచడానికే ఖర్చయిపోతుంది. అందుకని ముందు రోజు రాత్రే నాలుగు సీసాల బర్ఫ్ పెట్టి మూత మూసేసింది. పొద్దున వాటిని తీసేసి కొత్తవి పెట్టింది. లోపలికి వెళ్లే ప్రతి చీజ్ ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో రాత్రంతా ఉండి వచ్చిందే. వేడి దేగ్చీ దింపి తిన్నగా పెట్టెలో పెడదామన్న మా బేగం సూచన వీగిపోయింది.

బర్ఫ్ అంటే మాకు ఐస్ ఫ్యాక్టరీ సిల్లీ. బోరీలో చుట్టి, పొట్టు చల్లి, సైకిల్ మీద తెచ్చేవాళ్లు. ఆపా దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఆ సిల్లీలు చాలావరకు చేపల కోసం, శవాల కోసం, ఫ్యాక్టరీ పనుల కోసం చేసేవి. తినడానికి పనికిరాని ఐస్‌కు నీలం రంగు కలపాలని 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది, రంగు లేకపోతే షర్బత్‌లోకి వెళ్లిపోతుందనే కదా. రంజాన్‌లో ఇఫ్తార్ బండ్ల దగ్గర ఎప్పుడైనా నీలం ముక్క కనబడితే ఆ గ్లాసు ముట్టుకోకండి.

ఆపా పని ఇది: రెండు లీటర్ల సీసాలు ఆరు, తాగే నీళ్లతో, మెడ దాకా నింపకుండా. నీళ్లు గడ్డకడితే దాదాపు పదో వంతు ఉబ్బుతాయి, నిండా పోస్తే సీసా పగులుతుంది. రెండు రోజుల ముందు ఫ్రీజర్‌లో పెట్టింది. ఈ ఒక్క పనితో పొడి సమస్య ముప్పాతిక వంతు తీరిపోయింది. బర్ఫ్ కరుగుతుంది, కానీ సీసాలోనే కరుగుతుంది. పెట్టెలో చుక్క నీళ్లు లేవు. మూడో రోజుకు అవే తాగే నీళ్లు. ఒక కిలో బర్ఫ్ కరగడానికి ఎంత వేడి మింగుతుందంటే, అంతే వేడితో ఒక కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుకే బర్ఫ్ ముక్క మిగిలున్నంత సేపు దాన్ని ఆనుకున్న తిండి సురక్షితం. పొడి చేసిన బర్ఫ్ వేగంగా చల్లబరుస్తుంది, వేగంగా కరుగుతుంది. పెద్ద గడ్డ నెమ్మది మనిషి. సఫర్‌కు నెమ్మది మనిషే మంచిది.

ఇక్కడ నా పేషా నుంచి ఒక మాట. ఒకప్పుడు కొల్లేరు మీద వార్తలు రాయడానికి ఆకివీడు, కైకలూరు వైపు వెళ్లాను. చెరువుల చేపల్ని ట్రేలలో సర్ది, వరుస చేప, వరుస ఐస్ పొడి వేసి, లారీల్లో కలకత్తా దాకా, ఇంకా పైకి ఈశాన్యం దాకా పంపుతారు. అక్కడ నీళ్లు కారుతూనే ఉంటాయి, కారాలి కూడా. కరిగిన చల్లనీళ్లు చేప ఒంటిని కడుగుతూ పోతాయి. చేపకు తడి హాయి. అందుకే చేపల వాళ్ల తరీఖా చూసి మనం కుల్చా పెట్టెలో ఐస్ పొడి పోస్తే పని కాదు. వాళ్లది చలి తడి. మనకు కావలసింది చలి పొడి.

ఆ తేడా తెలియక ఆపా ససురాల్ వైపు వాళ్లు ఒక పిక్నిక్‌లో నానా అవస్థ పడ్డారు. ఒకే పెట్టెలో ఐస్ ముక్కలు, వాటిలో చికెన్ సంచి, కూల్‌డ్రింక్ సీసాలు. సంచికి చిల్లు. కరిగిన నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. పిల్లలు ఆ నీళ్లలోంచి సీసాలు తీసి, మూత తీసి, నోటికి పెట్టుకుని తాగారు. నలుగురికి వాంతులు, ఒకరికి సెలైన్. ఆ మాట వచ్చినప్పుడు అమ్మీ ఒక వాక్యం అంది, నేను రాసి పెట్టుకున్నా: "జబీహా గోష్ హై, పాక్ హై. లేకిన్ హర్ పాక్ పానీ సాఫ్ నహీఁ హోతా." హలాల్ అయినంత మాత్రాన క్రిములు అదబ్‌గా పక్కకు తప్పుకోవు కదా!

ఇప్పుడు ఆపా సర్దుబాటు వినండి. అడుగున పచ్చి మాంసం, గట్టి మూత డబ్బాలో, గడ్డకట్టించి. గడ్డకట్టిన మాంసం కూడా బర్ఫే కదా, మిగతావాటిని చల్లబరుస్తుంది. దాని చుట్టూ నీళ్ల సీసాలు. పైన వండినవి, దహీ, గుడ్లు. ఖాళీ జాగా ఎక్కడ ఉంటే అక్కడ మడత పెట్టిన తువ్వాలు, ఎందుకంటే ఖాళీలో గాలి ఉంటుంది, మూత తీసిన ప్రతిసారీ చల్లగాలి పోయి వేడిగాలి వస్తుంది. ఆ గాలితోపాటు తేమ కూడా వచ్చి చల్లటి డబ్బాల మీద చెమటలా పడుతుంది. నీళ్లు కారకపోయినా తడి అక్కణ్నుంచి వస్తుంది. అందుకే కుల్చా, కొత్తిమీర, పచ్చిమిర్చి అసలు పెట్టెలోకే వెళ్లలేదు. కొత్తిమీర పొడి గుడ్డలో చుట్టి, చిల్లుల డబ్బాలో, అమ్మీ కుండల పక్కన నీడలో. తాగేవాటికి వేరే చిన్న థర్మోకోల్ పెట్టె. పిల్లలు గంటకు పదిసార్లు తీసేది అదే, వాళ్ల దాహం మా ఖీమాను చెడగొట్టకూడదు.

దుల్హాభాయి ఊరుకోలేదు. కుల్ఫీ బండివాళ్లు బర్ఫ్‌లో ఉప్పు వేస్తారు, ఇంకా చల్లబడుతుంది, మనమూ వేద్దామన్నాడు. ఆయన అన్నది నిజమే. ఉప్పు వేసిన బర్ఫ్ సున్నా కిందికి దిగుతుంది, కుల్ఫీ అలాగే గట్టిపడుతుంది. బాద్‌షాహీ జమానాలో ఆబ్‌దార్‌ఖానాల్లో షోరా కలిపిన నీళ్లలో సురాహీ తిప్పి చల్లబరిచేవారని ఆయినె అక్బరీలో ఉంది కూడా. "ఆ చలికి గుడ్లు పగులుతాయి, అమ్మీ ఇన్సులిన్ పోతుంది. మీకు కుల్ఫీ కావాలంటే వికారాబాద్‌లో కొనిస్తా" అంది ఆపా. బాద్‌షాహ్ గారు ఖామోష్.

మగవాళ్లం రాసిన లిస్టులో రెండు కిలోల మటన్, రెండు కిలోల చికెన్, కిలోన్నర ఖీమా, మళ్లీ ఇంట్లో వండిన బిర్యానీ ఉన్నాయి. ఆపా సగం కొట్టేసింది. వికారాబాద్ పక్కనే, జబీహా దుకాణాలున్న ఊరు. రెండో రోజు మటన్ అక్కడే తాజాగా కొనొచ్చు, మోసుకుపోవడం ఎందుకు? బిర్యానీని మాత్రం గేటు దాకా కూడా రానివ్వలేదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే దాంట్లో ఒక రకం క్రిమి విషం పుట్టిస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం చావదు. "గరం చేసుకుంటే సరిపోతుంది" అనేది మన ఇళ్లలో పెద్ద నమ్మకం, షాదీ మిగిలిన బిర్యానీ మీద మన ఈమాన్ అంతా దానిమీదే. వండింది 5 డిగ్రీల కింద ఉండాలి, లేదా 60 పైన ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదు. కాబట్టి చావల్ పొడిగా తీసుకుపోయి అక్కడే వండాలి. మొదటి రోజు రాత్రికే ఖీమా, ఎందుకంటే కొట్టిన మాంసం అందరికంటే ముందు చెడుతుంది. చికెన్ రెండో రోజు మధ్యాహ్నం.

కారులో పెట్టెను డిక్కీలో వేయలేదు, ఏసీ తగిలేలా వెనక సీటు కింద. దాని కోసం నా పెద్ద కూతురు కాళ్లు ముడుచుకుని కూర్చుంది, దారంతా సణిగింది. అక్కడ చెట్టు నీడ. నీడ కదిలినప్పుడల్లా పెట్టె కదిలింది. మూత మీద తడి బోరీ.

పెట్టెకు దారోగా ఎవరనేది మాత్రం ఎవరూ అనుకోకుండా తేలింది. లోపల ఏది ఎక్కడుందో ఆపా ఒక కాగితం మీద రాసి మూతకు అంటించింది, వెతుకుతూ మూత తెరిచి ఉంచకుండా. ఆపా, నేనూ చదివింది ఒకే ఉర్దూ మీడియం స్కూల్లో. ఆమె ఆఫీసు రిజిస్టర్లన్నీ తెలుగులో రాస్తుంది గానీ ఇంట్లో పాల లెక్క కూడా ఉర్దూలోనే. కాగితం ఉర్దూలో ఉంది. మా పిల్లలు ఆరుగురిలో ఒక్కరికీ ఉర్దూ చదవడం రాదు. నా పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు. ఆపా పిల్లలకు ఇంగ్లీషు, కొంచెం హిందీ. నేను తెలుగులో ఇంత రాస్తాను, నా పిల్లలు నా అక్క రాసిన ఖీమా అనే మాట చదవలేరు. దీని మీద నేను ఏమీ ఉపన్యాసం ఇవ్వను.

ఎవరికి ఏం కావాలన్నా అమ్మీ దగ్గరికి రావాల్సి వచ్చింది. అమ్మీ పెట్టె పక్కన ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. "దాదీ, గుడ్లు ఎక్కడ?" "నానీ, వెన్న?" అంటే కాగితం మీద వేలు పెట్టి చదివి, "పైన, ఎడమ పక్క. తీసి వెంటనే మూయి" అనేది. ఆమె మూడేళ్లలో ఇంతమందితో ఇంతసేపు మాట్లాడింది లేదు. తీరిక దొరికితే సంచిలోంచి సూఖా గోష్ తీసి, నిప్పుల మీద వేయించి పిల్లలకు పంచేది. "ఇస్‌కు బర్ఫ్ నక్కో" అని పెట్టెను ఓరగా చూసేది.

ఆపా లోపల ఒక థర్మామీటర్ పెట్టింది. మొదటి రాత్రి 3 డిగ్రీలు. రెండో రోజు పొద్దున 4. అదే రోజు సాయంత్రం 7 చూపించింది. సీసాల్లో బర్ఫ్ పిడికెడు పిడికెడు మిగిలింది. అయిదు రోజులని రాసిన డబ్బా గురించి ఎవరూ ఏమీ అనలేదు, దుల్హాభాయి మొహం చూసి. ఆపా మిగిలిన గుడ్లన్నీ ఆ పూటే ఉడికించి తినిపించింది, దహీతో చట్నీ చేసేసింది. మూడో రోజుకు కుల్చా, ఖజూర్, చాయ్, పొద్దున వండిన ఖిచిడీ, చింతపండు ఖట్టా. తువ్వాళ్లలో ఉన్న అమ్మీ సీసాను చూసింది, చల్లగా, పొడిగా, లేబుల్ మీద అక్షరం చెదరకుండా ఉంది. అయినా 8 దాటకముందే దాన్ని తీసి మట్టి కుండలోకి మార్చింది. అమ్మీ ఆ సంగతి అడగలేదు. ఆమె అప్పుడు మా చిన్నోడికి అక్షరాలు చెబుతోంది.

వాడికి ఏడేళ్లు. మూడో రోజు పొద్దున సామాను సర్దుతుంటే పెట్టె ముందు గొంతుకూర్చుని కాగితం మీద వేలు పెట్టాడు. "దాల్... హే... యే..." అని కూడబలుక్కున్నాడు. "దహీ!" అని అరిచి మూత తీశాడు. లోపల ఆరు సీసాల నీళ్లు, రెండు తువ్వాళ్లు.

"దాదీ, దహీ అని రాసుంది, దహీ లేదేం?"

"రాత్రే అయిపోయింది బేటా," అని అమ్మీ వాడి చేతికి పెన్సిల్ ఇచ్చింది. "దాని మీద గీత కొట్టు. మూత మూయి ముందు."